గండి కొట్టినవారొకరు, పూడ్చవలసినవారు మరొకరా?

"నీ పీఎఫ్‌లో నెలలు తక్కువ పడ్డాయమ్మా. డబ్బు కట్టి ఆ నెలలు పూరించుకుంటావా, లేక ఉన్నది తీసుకొని ఊరుకుంటావా?"

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల బీడీ కార్మిక కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. చూడటానికి ఇది సానుభూతితో అడిగిన ప్రశ్నలా ఉంటుంది. రెండు దారులు చూపించి, నీకు నచ్చినది ఎంచుకోమన్నట్టు ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల మధ్య గడిపిన మేము, ఈ ప్రశ్నలోనే మోసం దాగి ఉన్నదని చెప్పదలచుకున్నాము. నెలలు తక్కువ పడటం వాన తక్కువ పడటం లాంటిది కాదు. అవి ఒకరు తగ్గిస్తేనే తగ్గుతాయి. తగ్గించినవారు ఎవరో తేల్చకుండా, పూరించడం నీ వంతు అనడం ఏ న్యాయం?

మా మహల్లాలోని ఒక సోదరి సంగతి ముందుగా చెప్పాలి. పిల్లలందరికీ ఆమె ఖాలా, మాకు చెల్లెలి వరస. వయసు 54. పెళ్లయి వచ్చిన కొత్తలో పట్టిన చాటను, దగ్గు ముదిరి నిరుడు పక్కన పెట్టారు. ఇరవై ఏళ్లకు పైగా బీడీలు చుట్టారు. మొదటి కొన్నేళ్లు ఆమెకు పీఎఫ్ నంబరే లేదు. నంబరున్న మరొకామె పేరు మీద చుట్టి, ఆమెతో కూలి పంచుకున్నారు. ఇటువంటి ఏర్పాటు మన ఇళ్లలో ఎంత మామూలో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. తరువాత నంబరు వచ్చింది. ఆ తరువాత టేకేదారు మారాడు. మారిన తరువాత ఏడాదికి పైగా కూలిలో కోత పడిందే గాని, పీఎఫ్ ఖాతాలో ఒక్క పైసా పడలేదు. చివరకు కాగితం మీద తేలిన సర్వీసు 9 సంవత్సరాల 2 నెలలు.

"భాయ్, నేను ఇరవై ఏళ్లు చుట్టాను. కాగితమేమో తొమ్మిదేళ్లే చుట్టావంటోంది. కాగితం అబద్ధమాడుతుందా?" అని ఆమె మమ్మల్ని అడిగారు. కాగితం అబద్ధమాడదు తల్లీ, కాగితం రాసినవారు ఆడతారు అన్నాము.

టేకేదారు ఆమె ముందు రెండు దారులు పెట్టాడు. 12,000 రూపాయలు చేతిలో పెడితే తక్కువ పడిన నెలలు తానే పూరింపజేస్తానన్నాడు. లేదా ఫారం 10సి మీద సంతకం చేసి, వచ్చింది పుచ్చుకోమన్నాడు. ఇంట్లో కొడుకు రెండో దారి వైపే మొగ్గాడు. గల్ఫ్ వీసాకు డబ్బు తక్కువ పడింది. కూతురి పెళ్లి ఉన్నది. సంతకం పెట్టడానికి సిద్ధమైన ఘడియలో ఆమె ఎందుకో ఆగి, ఎవరినైనా అడుగుదామనుకున్నారు. అలా ఆగకుండా సంతకం చేసినవారు ఎంతమందో మనకు తెలియదు.

ఇప్పుడు చట్టమేమంటున్నదో చూద్దాం.

ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16న అమలులోకి వచ్చింది. బీడీ పరిశ్రమలో పీఎఫ్ చందా కార్మికుల వంతు 10 శాతం, యజమాని వంతు 10 శాతం. యజమాని ఇచ్చే 10 శాతంలో 8.33 శాతం పింఛను నిధికి పోతుంది. కేంద్ర ప్రభుత్వం తన వంతుగా 1.16 శాతం కలుపుతుంది. అంటే పింఛను నిధికి కార్మికురాలు తన కూలిలోంచి విడిగా కట్టేది ఏమీ లేదు. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు, టేకేదారు అడిగిన 12,000 ఎంత అన్యాయమో తెలిసిపోతుంది.

పూర్తి పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి, 58 ఏళ్లు నిండాలి. ఆరు నెలలు, అంతకు మించిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు కనుక 9 సంవత్సరాల 6 నెలలున్నా పదేళ్లుగానే చెల్లుతుంది. మన సోదరికి తక్కువైనది నాలుగు నెలలు. ఆమె సగటు నెల కూలి 5,000 అనుకుందాం. నాలుగు నెలలకు పింఛను నిధికి జమ కావలసిన చందా సుమారు 1,670 రూపాయలు. అది కూడా యజమాని కట్టవలసినది. ఒక పేదరాలి జీవితకాలపు పింఛనుకు అడ్డు పడినది 1,670 రూపాయలు. దానికి ఆమెను అడిగినది 12,000!

ఇక గడిచిన కాలపు బకాయిని ఎవరు కట్టాలి? పీఎఫ్ పథకం ఈ విషయంలో ఎటువంటి సందేహానికీ తావివ్వలేదు. తన వాటా, కార్మికుల వాటా రెండూ మొదట యజమానే జమ చేయాలి. కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్నవారి విషయంలోనూ బాధ్యత అసలు యజమానిదే. కార్మికుల వాటాను ఏ నెల కూలికి సంబంధించినదో ఆ నెల కూలిలోంచే కోసుకోవాలి. అప్పుడు కోయకుండా ఊరుకుని, ఏళ్లు గడిచాక కట్టమనే అధికారం లేదు. పొరపాటున జరిగితే తప్ప, అదీ అధికారి రాతపూర్వక అనుమతితో తప్ప, వెనుకటి బకాయి పేరుతో కూలిలో కోత పెట్టరాదు. యజమాని వాటాను ఏ రూపంలోనూ కార్మికుల నుంచి రాబట్టరాదు. కూలిలో కోసి జమ చేయకపోవడమైతే చట్టం దృష్టిలో నేరపూరిత నమ్మకద్రోహమే.

"వీళ్లు ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లు, మా ఉద్యోగులు కారు" అనే వాదన చాలా పాతది. బీడీ పరిశ్రమకు 1977లోనే పీఎఫ్ చట్టం వర్తింపజేశారు. ఇళ్లలో చుట్టేవారు కూడా ఆ చట్టం కింద ఉద్యోగులేనని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాలుగు దశాబ్దాల క్రితం తేలిపోయిన వివాదాన్ని ఇంకా మన గుమ్మాల దగ్గర సజీవంగా ఉంచుతున్నది ఎవరు? చదువు లేని ఆడవాళ్లకు తీర్పు తెలియదన్న ధీమా కాదా అది?

అందుచేత మొదటి ప్రశ్నకు మా సమాధానం స్పష్టం. యజమాని చేసిన లోటును మన జేబులోంచి పూరించవద్దు. ఉద్యోగం మానిన తరువాత కార్మికులు సొంతంగా డబ్బు కట్టి, పోయిన నెలలను కొనుక్కునే ఏర్పాటు ఈ పింఛను పథకంలో లేదు. ఉన్నదని చెప్పి డబ్బు అడిగేవారు ఎవరైనా సరే, నమ్మవద్దు. రసీదు లేకుండా ఇచ్చిన ఆ డబ్బు ఎక్కడికి పోతుందో అడిగే నాథుడు ఉండడు.

రెండవ ప్రశ్న ఇంతకన్నా కష్టమైనది. ఉన్నది తీసుకొని ఊరుకోవాలా?

5,000 సగటు కూలి మీద తొమ్మిదేళ్ల సర్వీసుకు పింఛను నిధి నుంచి తిరిగి వచ్చేది సుమారు తొమ్మిది నెలల కూలి, అంటే 45,000 రూపాయలకు కాస్త అటూ ఇటూ. పదేళ్లు పూర్తయితే సూత్రం ప్రకారం 5,000ను 10తో హెచ్చించి 70తో భాగిస్తే 714 రూపాయలు వస్తుంది. అయితే 2014 సెప్టెంబరు నుంచి కనీస పింఛను 1,000 కనుక 1,000 ఇస్తారు. నాలుగేళ్లలోపే ఆ 45,000 తిరిగి చేతికి వచ్చినట్టవుతుంది. అక్కడి నుంచి బతికినన్నాళ్లూ వచ్చేదంతా అదనమే. 75 ఏళ్ల వరకు అల్లాహ్ ఆయుష్షు ఇస్తే మొత్తం 2,04,000. ఆమె తరువాత భర్త ఉంటే అతనికి పింఛను వస్తుంది. 25 ఏళ్లలోపు బిడ్డలుంటే ఇద్దరికి వస్తుంది. ఫారం 10సి మీద పెట్టే ఒక్క సంతకం వీటన్నింటినీ తుడిచిపెడుతుంది.

పదేళ్లు నిండకుండా పని మానవలసి వచ్చినా డబ్బు తీసుకోవడం ఒక్కటే దారి కాదు. అదే ఫారంలో స్కీం సర్టిఫికెట్ కోరవచ్చు. అది సర్వీసును భద్రపరుస్తుంది. తరువాత పీఎఫ్ ఉన్న చోట ఎక్కడ పనిలో చేరినా పాత సంవత్సరాలు కొత్తవాటితో కలుస్తాయి. బడిలో ఆయాగా చేరవచ్చు, ఆసుపత్రిలో శుభ్రపరిచే పనికి పోవచ్చు, బట్టల మిల్లుకు పోవచ్చు. చట్టసమ్మతంగా ఖాళీని పూరించే దారి కార్మికుల చేతిలో ఉన్నది ఇదొక్కటే. పని చేసి పూరించడం తప్ప డబ్బు పోసి పూరించడం లేదు.

దీనికి మన ఇళ్లలో నాలుగు అభ్యంతరాలు వినిపిస్తాయి. వాటిని తేలికగా తీసివేయలేము.

మొదటిది: "వెయ్యి రూపాయలు ఏ మూలకు?" నిజమే. బియ్యం, గ్యాసు, మందులు తలచుకుంటే అది సిగ్గుపడవలసిన మొత్తం. సిగ్గుపడవలసినది మాత్రం పుచ్చుకునేవారు కాదు. 2013లోనే భగత్ సింగ్ కోశ్యారీ నాయకత్వంలోని రాజ్యసభ కమిటీ కనీస పింఛను 3,000 చేయమన్నది. మరుసటి ఏడు ప్రభుత్వం ఇచ్చినది 1,000. ఈ పింఛనుకు కరువు భత్యం లేదు. ధరలు పెరిగినా అది పెరగదు. మేము పాత పింఛను విధానం కింద పదవీ విరమణ చేసినవాళ్లం. మా పింఛను ఆఖరి జీతాన్ని బట్టి నిర్ణయమైంది. కరువు భత్యంతో పాటు పెరుగుతూ వస్తున్నది. అందుకు మా కూలి కోసిందీ లేదు, మా ఖాతాలో నెలలు తగ్గిందీ లేదు. కుర్చీలో కూర్చున్నవానికి ఒక లెక్క, చాట ముందు కూర్చున్నదానికి మరొక లెక్క ఎందుకని అడిగే హక్కు పింఛను జాబితాలో పేరున్నవారికే బలంగా ఉంటుంది. డబ్బు తీసుకొని జాబితా నుంచి తప్పుకున్నవారు పెంపు కోసం ఏమని అడుగుతారు?

రెండవది: "చేతికి వచ్చినది మనది, రేపటి సంగతి ఎవరికి తెలుసు?" అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డ ఇంటికి మేము నీతులు చెప్పబోము. ప్రాణాంతకమైన జబ్బు ఉన్నవారు, మరో చోట పనిచేయడం అసాధ్యమైనవారు ఆ డబ్బు తీసుకుంటే తప్పు పట్టలేము. కాని వీసాకో, పెళ్లి విందుకో తల్లి ముసలితనాన్ని తాకట్టు పెట్టే కొడుకులను మాత్రం అడుగుతున్నాము. ఆ వెయ్యి రూపాయలు నెలనెలా మీరు అమ్మీ చేతిలో పెడతారా? మీరు దూరదేశంలో ఉన్నప్పుడు ఆమె మందుల చీటీ పట్టుకొని ఎవరి వైపు చూడాలి?

మూడవది: "అది వడ్డీ సొమ్ము, మనకు ధర్మసమ్మతం కాదు." మేము ఫత్వా ఇచ్చే అర్హత ఉన్నవారము కాము. అయితే అడిగే ముందు విషయం సరిగా చెప్పి అడగాలి. ఈ పింఛను ఒకరి ఖాతాలో పెరిగిన వడ్డీ లెక్క కాదు. సర్వీసు, వేతనం అనే రెండింటి మీద కట్టిన లెక్క. చట్టం తప్పనిసరి చేసిన పీఎఫ్ విషయంలో, కార్మికుల చేతికి రాకముందే కోసి ఉంచిన దానిపై కలిపినది నిషిద్ధమైన వడ్డీ కిందకు రాదని చెప్పిన పెద్ద ఉలమాలున్నారు. మీ మహల్లా ఆలిమ్ ముందు పాస్‌బుక్కు పెట్టి, పథకం వివరించి, అప్పుడు అడగండి. కూలి ఎగ్గొట్టడం పాపమని చెప్పడానికి మాత్రం ఏ ఫత్వా అవసరం లేదు. పనివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమని ప్రవక్త (స) ఆదేశించారని మనమంతా విన్నవాళ్లమే. పింఛను చందా కూలిలో భాగం కాదా?

నాలుగవది అన్నింటికన్నా బరువైనది: "ఫిర్యాదు చేస్తే రేపు ఆకు, తంబాకు ఇవ్వరు." ఈ భయం ఊహ కాదు. ఒంటరి ఫిర్యాదుకు ఒంటరి శిక్ష పడుతుంది. అందుకే ఒక్కరు కాక, ఒకే కార్ఖానా కింద చుట్టే ఇరవై, ముప్పై మంది కలిసి సంతకం చేయాలి. ఆ జాబితాలో పద్మశాలి అక్క పేరు ఉండాలి, దళిత చెల్లెలి పేరు ఉండాలి. కోత కోసేటప్పుడు టేకేదారు ఎవరి మతమూ అడగలేదు. పీఎఫ్ చట్టంలోని 7ఏ విచారణ ద్వారా యజమాని బకాయిని తేల్చమని అడగవచ్చు. ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపై నష్టపరిహారం యజమానే కట్టాలి. 1952 చట్టంలో ఈ విచారణకు కాలపరిమితి లేదు. పార్లమెంటు 2020లో ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి మాత్రం విచారణ మొదలుపెట్టడానికి ఐదేళ్ల గడువు విధించింది. పాత గండ్లను ఇంకా పాతబడనిస్తే ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

మనకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు మరొకటి ఉన్నది. అది పేర్ల చిక్కు. ఆధార్‌లో బేగం, పీఎఫ్‌లో బీ, బ్యాంకులో బీబీ. ఒకచోట ఉన్నీసా, మరోచోట నిసా. తండ్రి పేరు ఉండవలసిన చోట భర్త పేరు. పుట్టిన తేదీ తెలియక అందరికీ జనవరి 1. మనిషి ఒక్కతే, కాగితాల్లో ముగ్గురు. ఒకామె సర్వీసు రెండు నంబర్ల కింద చీలిపోయి, రెండూ పదేళ్లకు తక్కువగా మిగిలిపోతాయి. ఇక్కడ ఖాళీయే లేదు, కలపకపోవడమే ఉన్నది. జాయింట్ డిక్లరేషన్ ద్వారా పేరు, తేదీ సరిచేయించి, పాత నంబరును యూఏఎన్‌కు కలిపితే చాలు. ఏ గండినైనా పూడ్చే ఆలోచనకు ముందు, అసలు గండి ఉన్నదో లేదో చూడాలి.

సొంతంగా చందా కట్టే పథకాల సంగతి వేరు. 2015లో వచ్చిన అటల్ పింఛను యోజన అటువంటిది. ఆటో నడిపేవారు, మెకానిక్కులు, కూరగాయల బండి పెట్టుకున్నవారు మనవాళ్లలో చాలామంది 18 నుంచి 40 ఏళ్ల మధ్య అందులో చేరవచ్చు. 60 ఏళ్ల తరువాత నెలకు 1,000 రావాలంటే 18 ఏళ్లవాడు నెలకు 42 రూపాయలు కడితే సరిపోతుంది. 40 ఏళ్లవాడు 291 కట్టాలి. అక్కడ వాయిదా తప్పితే ఆ లోటు మనదే, పూరించవలసినదీ మనమే. జాప్యానికి నూటికి నెలకు ఒక రూపాయి రుసుము పడుతుంది. అది పెరగకముందే కట్టివేయడం మేలు. మన లోటు మనం పూరించుకుందాం, ఇతరుల లోటు వారి చేత పూరింపజేద్దాం. ఈ రెండింటినీ కలిపి చూపించేవారి పట్ల జాగ్రత్తగా ఉందాం.

చివరగా మనల్ని మనం కూడా ఒక మాట అనుకోవాలి. జస్టిస్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక మన సమాజం నెలజీతాల కొలువుల్లో ఎంత తక్కువగా ఉన్నదో, మన ఆడవాళ్లు ఇళ్లలోనే చేసే పనుల్లో ఎంత ఎక్కువగా ఉన్నారో చెప్పింది. ఆ నివేదికను మనం వేదికల మీద ఎన్నిసార్లు ఉటంకించలేదు? రిజర్వేషన్ల మీద సభలు పెట్టాము, వక్ఫ్ ఆస్తుల మీద సభలు పెట్టాము. పెట్టవలసిందే. కాని మసీదు వెనుక వీధిలో చాట ముందు కూర్చున్న సోదరి పాస్‌బుక్కు తెరిచి చూసిన నాయకుడు ఎవరు? మేము కూడా కొలువులో ఉన్నంతకాలం చూడలేదు. ఇతరుల పింఛను కాగితాలు చకచకా కదిలించిన చేతులతో మన వీధి కాగితాలు ఒక్కటి ముట్టలేదు. ఈ తప్పు ఒప్పుకోకుండా ఎవరి మీదా వేలెత్తే అర్హత మాకు లేదు.

ఇకనైనా ప్రతి మసీదు కమిటీ, ప్రతి మహల్లా సంఘం ఒక రిజిస్టరు తెరవాలి. అందులో ఇంటింటి బీడీ కార్మికురాలి పీఎఫ్ నంబరు, పుట్టిన తేదీ, చేరిన సంవత్సరం, జమ పడని నెలలు రాయాలి. లాగ్‌బుక్కులు, కూలి చీటీలు పారవేయవద్దని ప్రతి ఇంటికీ చెప్పాలి. విచారణలో నిలబడేవి అవే. ప్రతి నెల 27న పీఎఫ్ సంస్థ జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' పేరుతో ఫిర్యాదులు వింటుంది. అక్కడికి నెలకు పదిమందినైనా తీసుకువెళ్లాలి. చదువుకున్న మన పిల్లలకు ఒక ఆదివారం శిక్షణ ఇస్తే ఈ పనంతా వారే చేయగలరు. విశ్రాంత ఉద్యోగులకు ఇంతకన్నా మంచి సేవ ఏమున్నది?

ఇక మా చెల్లెలి సంగతి. ఆమె 12,000 కట్టలేదు, ఫారం మీద సంతకం చేయలేదు. దాచి ఉంచిన లాగ్‌బుక్కులు జతచేసి, మరి కొందరితో కలిసి ఫిర్యాదు పెట్టారు. విచారణ ఇంకా తేలలేదు. తేలేదాకా 58 ఏళ్లు ఆగవు కనుక, పీఎఫ్ సక్రమంగా కడతారని విచారించుకొని మరొక కార్ఖానాలో పేరు రాయించుకున్నారు. దగ్గుతూనే మళ్లీ చాట ముందు కూర్చున్నారు. రెండు నెలలు గడిచాయి, ఇంకా రెండు నెలలున్నాయి. ఆ నాలుగు నెలలు ఆమె ఏనాడో చుట్టినవే. వాటిని ఆమె చేత రెండోసారి చుట్టిస్తున్నవారు సమాధానం చెప్పేదాకా మనం అడుగుతూనే ఉండాలి.